ఏడు చొక్కాల బొంత

నా దగ్గర బొంత కుట్టించుకోవాలంటే ముందు నా మాట వినాలి. ఫ్లానెల్ చూడ్డానికి మెత్తనిదే గానీ మాయదారి గుడ్డ. ఉతక్కుండా కత్తిరించి కుట్టామా, మొదటిసారి తడవగానే ఒక ముక్క ఎక్కువ, ఒక ముక్క తక్కువ కుంచించుకుపోయి బొంతంతా వంకర్లు పోతుంది. పదిహేనేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ ఇదే పాఠం.

చనిపోయిన మా అన్నయ్య చొక్కాలు తెచ్చినప్పుడు వదినకూ అదే చెప్పాను. వడ్రంగి పనికి వేసుకెళ్ళే గళ్ళ ఫ్లానెల్ చొక్కాలు, ఏడు. సంచి మూతి బిగించి కట్టి తెచ్చింది.

"ఇవి మాత్రం ఉతక్కే చిట్టీ. ఆయన విడిచినవి విడిచినట్టే దాచాను. వంకర పోతే పోనీ."

"అలాగేలే వదినా" అన్నాను.

అన్నాను గానీ మనసొప్పలేదు. నా చేతిమీదుగా వంకర బొంత వెళ్ళడమా? తనకేం తెలుసు ఈ పని సంగతి అనుకున్నాను. వేడినీళ్ళలో సబ్బుపొడి వేసి ఏడూ నానబెట్టాను. జేబుల్లోంచి రంపపుపొట్టు తేలింది. విసుక్కుంటూ దోసిలితో తీసి పారేశాను. మా అన్నయ్య చేతిపనిలో మిగిలింది అదేనని అప్పుడు తట్టలేదు, నా బుద్ధి మండ!

బొంత గీత గీసినట్టు కుదిరింది. ఎక్కడా చిన్న ముడత లేదు. చేతికిస్తే వదిన కుట్టు వైపు చూడనైనా చూడలేదు. మొహం బొంతలో దాచుకుంది. ఓ మూల, ఇంకో మూల, జేబు ముక్క దగ్గర, కాలరు ముక్క దగ్గర వెతికింది.

"తెలియట్లేదే" అంది. "ఆర్నెల్లకే ఆయన వాసన మర్చిపోయానా? ఏం మనిషినే నేను?"

జలుబు చేసిందేమో వదినా అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తప్పు నాదైతే తను తననే తిట్టుకోవడం చూడలేకపోయాను.

"నువ్వేం మర్చిపోలేదు వదినా. నేనే ఉతికేశాను."

తిడుతుందనుకున్నాను. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. బొంతను మెల్లగా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తలెత్తి నావైపు చూసింది.

"ఏడూనా?"

"ఏడూ" అన్నాను.