మరమ్మతు వాటాలు

విశ్వేశ్వర్ పోయి ఏడాది తిరక్కుండానే కొడుకులిద్దరూ ఇల్లు పంచుకున్నారు, నాందేడ్ మోండా బజారులో పప్పుల దుకాణం పంచుకున్నారు, ఆఖరికి తండ్రి కన్ను మూసిన పట్టెమంచాన్ని కూడా వాటాల్లో వేసుకున్నారు. పంచుకోకుండా మిగిలింది పాత జీపు ఒక్కటే. అదీ వాళ్ళ మంచితనం వల్ల మిగిలిందనుకునేరు! తల్లి ఉమాబాయి అడ్డం తిరిగింది గనక మిగిలింది.

"దాన్ని ముట్టుకుంటె నా మీద ఒట్టే. అది సామిల్‌ల, ఉమ్మడిగనే ఉండాలె, ఇద్దరిది," అని కూర్చుంది.

ఆ జీపంటే ఆమెకు మోజేమీ లేదు. విశ్వేశ్వర్ మిలిటరీ వేలంలో కొన్న బండి అది, నాలుగు చక్రాలూ లాగేది. వానాకాలం నాయ్‌గావ్ పక్కన నల్లరేగడి బురదలో అందరి బండ్లూ కూరుకుపోతే అది ఒక్కటే కందుల బస్తాలతో బయటపడేది. ఏటా దసరా వెళ్ళాక కుటుంబమంతా ఆ జీపులోనే మాహూర్ కొండకు, కులదైవం రేణుకమ్మ దగ్గరికి పోయేవాళ్ళు. ఆ ఇంటి ఆనవాయితీ ఒకటుంది. ఇంట్లో ఎన్ని పొయ్యిలు లేచినా సరే, తల్లీ కొడుకులు ఒక్క బండిలో కొండెక్కాలి, ఒక్క నైవేద్యం పెట్టాలి, అమ్మవారి దగ్గర దంచి ఇచ్చే తాంబూలం ఒక్క ముద్దే తెచ్చుకుని అందరూ తుంచుకుని తినాలి. అది కూడా తెగితే ఇక అన్నదమ్ములుండరు, పాలివాళ్ళుంటారు. నిరుడు మైల వల్ల పోలేదు. ఈసారైనా ఇద్దరినీ ఆ జీపులో ఎక్కించాలని ఉమాబాయి పట్టుదల. ఇంకేమీ కోరలేదు ఆ పిచ్చితల్లి.

పంపకం చేసింది ఆమె తమ్ముడు నాగేశ్వర్. తరాజు పట్టుకుని పుట్టిన మనిషి. గాలికి కూడా తూకం వేయమంటే వేస్తాడు.

"బండి సామిల్‌ల ఉంటె ఉండనీ అక్కా, నేను కాదంటలేను. గని మరమ్మతు అచ్చినప్పుడు లొల్లి గావద్దు. పై మరమ్మతు పెద్దోనిది, బాడీ, స్ప్రింగులు, టైర్లు. లోపటి మరమ్మతు చిన్నోనిది, ఇంజిను, గేర్లు, షాఫ్టు. ఏమంటరు?"

ఏమంటారు! శభాష్ మామా అన్నారు ఇద్దరూ. ఉమాబాయి కూడా సరేనంది. అట్లా అయినా ఇద్దరి చేతులూ ఒక్క బండి మీద పడతాయి కదా అనుకుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అన్నారా? ఆ మాట ఆ పూట ఒక్కరికీ గుర్తుకు రాలేదు.

పెద్దవాడు సంకేత్‌కు కొత్త సోపతులు దొరికారు. ఆదివారమైతే చాలు, బండ్లేసుకుని గుట్టలెక్కే బాపతు. వాళ్ళ బండ్లన్నీ ఆకాశాన్ని చూస్తుంటే తనది నేలబారుగా ఉందని వీడికి నామోషీ. జీపును హింగోలీ నాకా దగ్గర జావీద్ మిస్త్రీ షెడ్డులో పెట్టి, పొడుగు స్ప్రింగులు, ఏనుగు కాళ్ళలాంటి టైర్లు వేయించి జానెడెత్తు లేపించాడు. ఉమాబాయి చూసి, "ఎక్కుడెట్లరా దీన్ని, నిచ్చెన ఏసుకొనా?" అని నవ్వింది కూడా.

నవ్వు ఆ ఒక్క రోజే. మర్నాడు కూరగాయలకని పోతూ షెడ్డు ముందు ఆగితే జావీద్ ఆమెను కూర్చోబెట్టి, షెడ్డులో ఉన్న ఇంకో జీపు కింద చూపించాడు.

"మౌసీ, గేరుపెట్టె నుంచి ఎనక ఇరుసుకు పోయే రాడ్ ఉన్నది చూడు, గిదే షాఫ్ట్. ఒక గొట్టంల ఇంకొకటి దూరి ముందుకెనకకు జరుగుతది. బండి లేపినంక దూరం పెరిగింది, లోపట గొట్టం గింతే మిగిలింది." వేలి కణుపు చూపించాడు. "గుంతల చక్రం కిందికి దిగితె ఊడి బయటికస్తది. కోణం గూడ ఎక్కువైంది, రెండు దిక్కుల కీళ్ళు, క్రాసులు, కొట్టుకుంటున్నయి. షాఫ్ట్ పొడుగు చేయించాలె, కొత్త క్రాసులెయ్యాలె. సంకేత్ భాయ్‌కి చెప్పిన, అది తమ్ముని వాటా అన్నడు."

"మరి చెయ్యకుంటనే బండి ఇచ్చినవా?"

"భాయ్ తాళం గుంజుకొని పోయిండు మౌసీ. నేనేం జేద్దు!"

సొరుగును కొసదాకా లాగి వదిలేసినట్టుంది ఆ షాఫ్టు సంగతి. ఉమాబాయి తిన్నగా చిన్నకొడుకు ఆకాశ్ దుకాణానికి పోయింది.

"లేపుమని నేను చెప్పిన్నా అమ్మా? నాన్న ఉంచిన ఎత్తుల షాఫ్టుకు ఏం రోగమచ్చింది? ఎవడు లేపిండో వాడే పొడుగు చేయించుకోవాలె," అన్నాడు ఆకాశ్, పెసలు జల్లిస్తూ తలెత్తకుండానే.

పెద్దవాడి దగ్గరికి పోతే, "మామ చెప్పిందేంది? షాఫ్టు వాని వాటా. ఇయ్యాల్ల నేను జేస్తె రేపు ఇంజిను గూడ నా నెత్తిల ఏస్తడు," అన్నాడు.

పోనీ తానే చేయించేద్దామని ఆమెకు తోచకపోలేదు. కానీ చేయిస్తే అది ఎవరి వాటాలో పని కింద లెక్క? చిన్నవాడి పని తల్లి చేసిపెట్టిందని పెద్దవాడు అలుగుతాడు. పెద్దవాడి తప్పును తల్లి కప్పిందని చిన్నవాడు అలుగుతాడు. అలిగితే ఇద్దరిలో ఒకడు జీపెక్కడు. అడకత్తెరలో పోకచెక్క బతుకు! చెప్పుకుంటే నవ్విపోతారు గానీ, ఆ ఇంట్లో అలక అంటే ఏళ్ళు పట్టే వ్యవహారం. అందుకే మళ్ళీ ఆకాశ్‌నే బతిమాలింది. "చూస్త తియ్యి," అన్నాడు వాడు. ఆ మాటను ఆమె 'చేస్తా'గా తీసుకుని, నైవేద్యం పోలెలకు శనగపప్పు నానబోసుకుంది.

బయల్దేరిన పొద్దున ఆమె ముఖంలో పెళ్ళికళ. సంకేత్ స్టీరింగు ముందు, ఆకాశ్ పక్కన, ఆమె వెనక సీటులో, ఒళ్ళో పోలెల గంప. ఇద్దరు కొడుకుల వీపులూ పక్కపక్కన కనిపిస్తుంటే కడుపు నిండిపోయింది. వాళ్ళు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోతే పోయింది, పక్కన కూర్చున్నారు, అది చాలనుకుంది.

దారి పొడుగునా కాళ్ళ కింద టక్ టక్ మని ఒకటే చప్పుడు.

"ఆకాశూ, షాఫ్టు చేయించినవా బిడ్డా?"

"గ్రీజు కొట్టించిన. గ్రీజు వరకే నా వాటా."

ఆమె ముందుకు వంగి పెద్దవాడి భుజం పట్టుకుంది. "ఆపురా సంకేతూ, ఎనకకు తిప్పు," అంది. సంకేత్ పక్కనున్న తమ్ముడి వంక ఓరగా చూసి నవ్వి, కొండ దారికి గేరు మార్చాడు.

సగం కొండ ఎక్కాక మలుపులో పెద్ద గుంత వచ్చింది. వెనక చక్రాలు అందులోకి దిగడం, కింద ఫట్‌మని పగిలినట్టు చప్పుడు కావడం ఒక్కసారే. ఇంజిను అరుస్తోంది, బండి కదలదు. ఊడిన షాఫ్టు ముక్క గిరగిరా తిరిగి బ్రేకు పైపును తెంపేసింది. సంకేత్ కాలితో తొక్కితే బ్రేకు పిండిలో దిగినట్టు దిగింది. చేత్తో హ్యాండ్‌బ్రేకు లాగాడు. ఆ పాత జీపులో హ్యాండ్‌బ్రేకు పట్టేది చక్రాలను కాదు, వెనకకు పోయే షాఫ్టును. ఆ షాఫ్టే ఊడిపోయాక ఇంక దేన్ని పడుతుంది, గాలినా? జీపు వెనక్కి జారి, జారి, వెనక కుడిమూల మట్టిగట్టుకు గుద్దుకుని ఆగింది. లోయ వైపు జారలేదు, ఏ జన్మ పుణ్యమో.

ఉమాబాయి కుడికాలు సీటుకూ వంగిన రేకుకూ నడుమ ఇరుక్కుంది. ముందు నొప్పి తెలియలేదు. పోలెలు మట్టిలో పడి ఉండడం తెలిసింది. తర్వాత వినబడింది.

"లేపింది నువ్వు!"

"షాఫ్టు నీది!"

"నాన్న బండిని ఆగం జేసినవ్!"

"మామను పిలువు, ఇప్పుడే తేలాలె!"

అబ్బబ్బ, ఏం కొడుకులయ్యా! ఇద్దరూ జీపు కిందికి వంగి చూస్తున్నారు, ఆ ముక్కను చెరో వైపు పట్టుకుని లాగుతున్నారు. ఒక్కడన్నా వెనక సీటు వైపు చూస్తేనా! "సంకేతూ... ఆకాశూ..." అని ఆమె పిలిచింది. చివరికి టెంపోలో పోతున్న పత్తి ఏరే కూలీలు ఆగి, రేకు వంచి, ఆమెను బయటికి తీశారు. "ఈ అవ్వ ఎవరిదే?" అని ఒకామె అడిగింది. అప్పుడు ఇద్దరూ తలెత్తారు.

నాందేడ్ దవాఖానాలో తొడ ఎముకకు రాడ్ వేశారు. నడవడానికి చాలాకాలం పడుతుందన్నారు, అసలు నడుస్తుందో లేదో తర్వాత చూద్దామన్నారు.

కట్టుతో పడుకున్న ఆమె దగ్గరికి ఒక పొద్దున సంకేత్ వచ్చాడు. అమ్మవారి మొక్కు ఆగితే అరిష్టమని తన కారులో మాహూర్ పోయి నైవేద్యం పెట్టి వచ్చానన్నాడు. తాంబూలం పొట్లం తల దగ్గర బల్ల మీద పెట్టాడు. కాసేపటికి ఆకాశ్ వచ్చాడు. వాడూ తన కారులో పోయి వచ్చాడట, వాడిదీ ఒక నైవేద్యం, వాడిదీ ఒక పొట్లం. రెండు పొట్లాలూ ఆకుపచ్చగా తడిసి పక్కపక్కన కూర్చున్నాయి. అక్క కాళ్ళ దగ్గర కూర్చున్న నాగేశ్వర్, "పోనీ తియ్, ఇద్దరు మొక్కు తీర్చుకున్నరు, మంచిదే," అన్నాడు.

ఆకాశ్ బల్ల వైపు చూశాడు. వాడి మొహం ముడుచుకుంది.

"అన్నది ముందే అచ్చిందా? ముందు ఎవరిది తిన్నవమ్మా?"

సంకేత్ కూడా తల్లి వైపే చూశాడు, జవాబు తనకూ కావాలన్నట్టు.

ఉమాబాయి రెండూ తినలేదు. విప్పనే లేదు. కొడుకులిద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని తేరిపార చూసింది. ఆ చూపులో కోపం కూడా మిగల్లేదు, కోపానికైనా మనుషులు కావాలి కదా. ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"నాగేశా, ఆ జీపును తుక్కోనికి ఇచ్చెయ్. ఇంక సామిల్‌ల మిగిలింది నేనే. నాకు గూడ మరమ్మతు వాటాలు ఏసిపో. కాలు పెద్దోనికి రాయి, కడుపు చిన్నోనికి రాయి. నోరు మాత్రం ఎవ్వనికి రాయకు, అది నాకే ఉండనీ. వీండ్లను బయటికి పొమ్మని చెప్పుకోనీకి."