పుంజుల ఆటలో ఓడేవాడు

పెన్హా మాత తిరునాళ్లకి క్రాటో ఊరి చర్చి ముందు ఒలింపియో తన అన్నతో కలిసి యాభై రెండేళ్లు పిల్లనగ్రోవి ఊదాడు. యాభై రెండేళ్లూ ఓడిపోయాడు.

పుంజుల ఆట పద్ధతే అది. ఇద్దరూ పిల్లనగ్రోవి పెదాల మీంచి తీయకుండానే కోడిపుంజుల్లా ఎగిరెగిరి తలపడాలి. పాటకి రెండు వరసలు, పై గొంతూ కింది గొంతూ. పై గొంతు ఊదేవాడిది గెలుపు. కింది గొంతు ఊదేవాడు వెల్లకిలా పడాలి. గెలిచినవాడు వాడి ఛాతీ మీద కాలు ఆనించి, ఆ తర్వాత చెయ్యందించి లేపుతాడు. పడ్డవాడు లేచేదాకా డోలు ఆగకూడదు. పై గొంతు ఎప్పుడూ పెద్దవాడు బెలార్మినోదే. రెండేళ్లు ఆలస్యంగా పుట్టినందుకు ఎంత శిక్షో చూడండి!

కిందటేడు ఒలింపియో అలిగాడు. "నాకూ అరవై దాటాయి అన్నా. ఇంకా ఎన్నాళ్లు మట్టి కరిపిస్తావ్?"

బెలార్మినో పగలబడి నవ్వాడు. "ఏడవకురా. వచ్చే ఏడు నేను పడతా, నువ్వు తొక్కు. సరేనా?"

ఈ జూన్‌లో సెయింట్ జాన్ పండగ మంట దగ్గర మొక్కజొన్న కంకులు కాలుస్తూ కాలుస్తూ అన్న ఒరిగిపోయాడు, మళ్లీ లేవలేదు. మాటిచ్చి ఎగ్గొట్టడం బెలార్మినోకి చిన్నప్పట్నుంచీ అలవాటే.

"ఆ ఆట వదిలెయ్ బావా," అన్నాడు తిరునాళ్ల పొద్దున చెల్లెలి మొగుడు జువెంటినో, పెద్ద డోలు భుజాన తగిలించుకుంటూ. "ఎవడితో కొట్లాడతావ్, నీ నీడతోనా?"

"అన్న మాటిచ్చాడు. ఇవాళ గెలుపు నాది. నువ్వు డోలు కొట్టు, చాలు."

"నీకు పై గొంతు రానే రాదు కదయ్యా!"

నిజమే. అన్న ఉండగా దాన్ని నేర్చుకోవాల్సిన పనేముంది?

మధ్యాహ్నపు ఎండలో డోలు మోగింది. ఒలింపియో కింది గొంతే ఊదాడు. సగం పాటే వినబడుతోంది. అయినా ముసలమ్మలు మిగతా సగం మనసులోనే పాడుకుంటూ అడుగులేశారు. ఒలింపియో ఎగిరాడు, ముందుకి దూకాడు. అన్న మీదికి దూకే చోట అలవాటుగా వెనక్కి తగ్గాడు. ఎదురుగా ఎవరూ లేరు. చుట్టూ ఇంతమంది ఉన్నా, అంత ఒంటరితనం అతనికి సమాధి దగ్గర కూడా అనిపించలేదు.

చివరి మూడు దెబ్బలు. ఇప్పుడు కాలెత్తి నేలని తొక్కాలి. పొద్దున్నుంచీ అనుకుంటున్నది అదే.

మూడో దెబ్బకి మోకాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. ఒలింపియో ఎప్పట్లాగే వెల్లకిలా పడ్డాడు.

జనం చప్పట్లు కొట్టారు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు. అతను కుడిచెయ్యి పైకి చాపి అలాగే ఉండిపోయాడు. అంతా అర్థమైంది జువెంటినో ఒక్కడికే. పరిగెత్తుకెళ్లి లేపాలనుంది, కానీ డోలు ఆపకూడదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేక, కొడుతూనే ఉన్నాడు.

చాలాసేపటికి ఒలింపియో చెయ్యి దించాడు. పక్కకి ఒరిగి, మోచెయ్యి నేలకి ఊని, మెల్లగా లేచాడు. డోలు ఆగింది.

"ఈసారి కూడా అన్నే గెలిచాడు బావా," అన్నాడు, నీలం అంగీ మీద దుమ్ము దులుపుకుంటూ. "చెయ్యి మాత్రం అందించలేదు."