గుత్త మనిషి

మళ్ళీ వాయిదా రోజు. నరసరావుపేట లేబర్ ఆఫీసులో గోడకు ఆనుకుని నిలబడ్డాడు జిలానీ. ముందు కుర్చీల్లో ఓనరు రవిశంకర్, ఆయన వకీలు కూర్చున్నారు. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంది. ఓనరు పక్కన కూర్చునే అలవాటు జిలానీకి లేదు.

దాచేపల్లి దగ్గర రవిశంకర్‌కి నాపరాళ్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడి కోత మిషను జిలానీ కుడిచేతి వేళ్లు తీసుకుపోయింది. బొటనవేలు ఒక్కటే మిగిలింది. పరిహారం రావాలంటే ఒక సంగతి తేలాలి. జిలానీ ఆయన దగ్గర పనివాడా, కాదా?

"కాదండీ," అన్నాడు రవిశంకర్. "గుత్తకి కోసే మేస్త్రి. ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో నేనడగను. ఇతనికి ఒక్క పని కూడా చెప్పి ఎరగను."

"పొద్దున్నే ఫోన్ చేసి, 'ఏందిరా, ఇంకా లేవలా' అని తిట్టేది మరెవరు, మా మామా?" గుమ్మంలోంచి అంది జిలానీ భార్య సైదాబీ.

అధికారిణి ప్రత్యూష తలెత్తింది. "సాక్షులున్నారా?"

"ఉన్నారమ్మా. అందరూ ఆయన దగ్గరే పనిచేస్తన్నారు. ఎవరొస్తారు?" జిలానీ గొంతులో కోపం లేదు. అదీ అరిగిపోయింది.

ప్రత్యూష పెన్ను మూత పెట్టింది. వకీలు ఫైలు సర్దుకున్నాడు. కథ ముగిసిందనుకున్నాడు జిలానీ.

అప్పుడే బయట లారీ హారన్ మోగింది. అటెండరు తొంగిచూశాడు. "సార్, ఆ తెల్ల కారు మీదేనా? గేటుకి అడ్డంగా పెట్టారు."

రవిశంకర్ తల కూడా తిప్పలేదు. జేబులోంచి తాళాలు తీసి భుజం మీదుగా వెనక్కి విసిరాడు.

"ఒరేయ్ జిలానీ, బండి పక్కకి పెట్టు."

జిలానీ చెయ్యి దానంతట అదే లేచింది. కుడిచెయ్యి. తాళాలు ఉత్త అరచేతికి తగిలి నేలమీద పడ్డాయి.

జిలానీ వంగబోయాడు.

"మీరు ఆగండి," అంది ప్రత్యూష. రవిశంకర్ వైపు తిరిగింది. "ఒక్క పని కూడా చెప్పి ఎరగనన్నారు?"

"అంటే... అలవాటండీ. ఫ్యాక్టరీలో ఏ పని చెప్పినా వాడే కదా చేసేది."

వకీలు ఆయన మోచెయ్యి గిల్లాడు. అప్పటికే ఆలస్యమైంది. పెన్ను మూత మళ్ళీ ఊడింది.

"ఆ మాటే రాస్తున్నాను. ఇతను మీ పనివాడే."

మెట్లు దిగుతూ వకీలు అన్నాడు, "హైకోర్టుకి పోతాం."

"పోండి. మేమూ వస్తాం," అంది సైదాబీ. జిలానీ ఇంకెన్ని మెట్లు ఎక్కాలో అన్నట్టు కాళ్ల వంక చూసుకున్నాడు.

బయట రవిశంకర్ స్వయంగా కారు వెనక్కి తీస్తున్నాడు. చక్రం మురిక్కాలవ అంచుకొచ్చింది. జిలానీ ఎడమచెయ్యి లేచింది, నోట్లో "ఆపు, ఆపు" అన్న మాట మెదిలింది.

సైదాబీ ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"డ్యూటీ దిగావులే, పద. పిడుగురాళ్ల బస్సు పోతది."