పై ఇంటి మీటరు

పొద్దున పదకొండింటికి కరెంటు పోయింది. బుజ్జిదాని ఆక్సిజన్ మిషను ఆగిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, సొంతంగా ఊపిరి ఇంకా చాలదు. గొట్టం తీసి చిన్న సిలిండరుకు తగిలించాను. దాని ముల్లు ఎర్రగీతకు దగ్గర్లోనే ఉంది. అరగంట వస్తుందో రాదో.

పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది. పోయింది మాకొక్కరికే.

కరెంటాఫీసుకు ఫోన్ చేశాను.

"మీ మీటరు బాగానే ఉందమ్మా. నా స్క్రీను మీద పచ్చగా కనిపిస్తోంది," అన్నాడు ఆపరేటరు.

"మీ స్క్రీను పచ్చగా ఉంటే నా పిల్లకి ఊపిరాడుతుందా సార్? మనిషిని పంపండి."

"కొత్త మీటర్లమ్మా, ఆపడం ఇవ్వడం అంతా ఇక్కణ్ణుంచే. సరే, రాసుకున్నా. సాయంత్రంలోగా వస్తారు."

అత్తయ్య పిల్ల అరికాళ్ళు రుద్దుతూ, "చెవిటివాడి ముందు శంఖం! ఆ రోజుల్లో లైన్‌మన్ను కేకేస్తే సగం అన్నంలోంచి లేచొచ్చేవాడు. పైనుంచి వైరు లాగవే," అంది.

"పైవాళ్ళు నిన్ననే ఖాళీ చేశారు కదత్తయ్యా. కరెంటు కూడా తీసెయ్యమని చెప్పి వెళ్ళారు."

అన్నానే గాని పరుగున మెట్లెక్కాను. తాళం. కిటికీలోంచి చూస్తే ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతోంది.

అప్పుడర్థమైంది. పోయిన నెల కొత్త మీటర్లు పెట్టినవాళ్ళు రెండు ఇళ్ళవీ ఒకేసారి విప్పి, వైర్లు తారుమారుగా కలిపారు. ఇప్పుడు వాళ్ళది ఆపితే మాది ఆగింది.

మళ్ళీ ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పైవాళ్ళ మీటరు పైవాళ్ళే అడగాలమ్మా. మీ మాట మీద ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

ముల్లు గీత దాటింది. పిల్ల పెదవుల చుట్టూ నీలం.

నా నంబరు గుర్తుపడతాడని అత్తయ్య ఫోన్ నేను తీసుకుని, పై ఇంటి మీటరు నంబరు చూసి, మళ్ళీ చేసి గొంతు మార్చి మాట్లాడాను. "పై ఇంటివాళ్ళం సార్. ఖాళీ చెయ్యట్లేదు. కరెంటివ్వండి."

"ఈ గొంతు ఇందాకే విన్నట్టుందే?"

"కింద ఉండేది మా చెల్లెలండీ."

"మీ చెల్లెలు మహా గొడవ మనిషమ్మా."

"పిల్ల తల్లి కదండీ..."

అటువైపు టకటకమని మీటలు నొక్కిన చప్పుడు. మిషను కదిలింది. అత్తయ్య గొట్టం మార్చింది. నీలం మాత్రం పోలేదు.

ఫోన్ పెట్టెయ్యడం మర్చిపోయాను. అతనూ పెట్టెయ్యలేదు.

"అమ్మా, పిల్లకెలా ఉంది?" అన్నాడు మెల్లగా.

చిన్ని రొమ్ము మీద చెయ్యి వేసి, అది లేస్తుందేమోనని చూస్తున్నాను.