పిండి అడిగినన్ని నీళ్ళు

కోయిలకుంట్ల రోడ్డు మీది హోటల్లో ఇరవై రెండేళ్ళుగా రాగిసంగటి కెలుకుతున్న గిడ్డమ్మకు ఇప్పుడు మిగిలింది ఒకటే కోరిక, కూర్చోవాలని. కుడి రెక్క పనికిరాకుండా పోతోంది. రాత్రి పడుకున్నా తెడ్డు తిప్పుతున్నట్టే ఉంటుంది.

యజమాని హర్షవర్ధన్ కడపలో, నంద్యాలలో కొత్త హోటళ్ళు తెరిచాడు. మూడుచోట్లా ఒకే రుచి ఉండాలట. అందుకని హైదరాబాదు నుంచి యామిని అనే పిల్లను త్రాసుతో సహా దించాడు. కొలతల కాగితం కుదిరితే కెలికే పని మిషనుదేనని, గిడ్డమ్మ స్టూలు మీద కూర్చుని చూసుకుంటే చాలని మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే ఆమె రోజులు నెట్టుకొస్తోంది.

"పిండికి నీళ్ళెన్ని పోస్తారమ్మా?" అని అడిగింది యామిని.

"అడిగినన్ని."

"ఎవరు అడిగినన్ని?"

"పిండే పాపా. కొత్త రాగులు తక్కువ తాగుతాయి, పాతవి శానా తాగుతాయి. మోడం పట్టి మబ్బేసిన దినం ఇంకో లెక్క."

మూడు రోజులు తూస్తే మూడు లెక్కలొచ్చాయి. యామిని విసిగిపోయి మూడింటికీ సగటు తీసి రాసింది.

నాలుగో రోజు గిడ్డమ్మ కాగితం ప్రకారమే పోసింది. తెడ్డు పెట్టగానే తెలిసింది, పిండికి నీళ్ళు చాల్లేదు. బయట లారీ డ్రైవర్లు, కూలోళ్ళు ఆకలితో కాచుకుని ఉన్నారు. ఉండలు కట్టిన సంగటి వాళ్ళ ముందు పెట్టడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. యామిని ఫోనెత్తి అటు తిరిగిన సందులో చెంబెడు ఎసరు గుండిగలో పోసేసింది. తన స్టూలు తనే తన్నేసుకుంటున్నానని అప్పుడు తోచలేదు.

ముద్దలు నున్నగా వచ్చాయి. యామిని పొంగిపోయి ఆ కాగితాన్నే మిగతా హోటళ్ళకు పంపింది.

వారం తిరక్కముందే హర్షవర్ధన్ వంటింట్లోకి వచ్చాడు. "గిడ్డక్కా, అదే పిండి, అదే కాగితం. ఆడ ఉండలు కడతాండాది. ఒకదినం కడప, ఒకదినం నంద్యాల నువ్వే పోయి కెలకల్ల. బండి పెడతా."

గిడ్డమ్మ తెడ్డు పక్కన పెట్టింది. "కాగితమే తప్పప్పా. ఆపొద్దు నేను దొంగతనంగా చెంబెడు ఎసరు పోసినా."

అతను నవ్వాడు. "అందుకే గదక్కా, నువ్వే పోవల్ల."

మరుసటి రోజు పొద్దున్నే బండొచ్చింది. గిడ్డమ్మ నొప్పి రెక్క పట్టుకుని ఎక్కింది. సీటు మెత్తగానే ఉంది. కడప దాకా కూర్చోవచ్చు.