పప్పు బాగుందన్న పూట

"పప్పు భలే కుదిరిందే ఇంద్రా!" అన్నాడు మా ఆయన శ్యామసుందర్. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఈయన పప్పును మెచ్చుకున్నాడంటే దాని వెనకాల ఏదో కారు నిలబడి ఉందన్నమాటే.

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఈయనకి గేర్లు కోసే చిన్న యూనిట్ ఉంది. పాతకాలపు రేసు కార్లున్న షోకిలాలు వచ్చి, వెనక చక్రాల మధ్యనుండే డిఫరెన్షియల్‌కి కొత్త పళ్ళచక్రాలు చేయించుకుంటారు. చక్రం ఒకసారి తిరగడానికి ఇంజన్ నుంచి వచ్చే షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలన్నదే రేషియో. ఆ నంబరు పెద్దదైతే కారు మలుపులోంచి చటుక్కున లేస్తుంది కానీ ఇంజన్ తొందరగా అరిచి అలిసిపోతుంది. చిన్నదైతే తిన్నని దారిలో హాయిగా పరిగెడుతుంది. ఏ కారుకి ఏ నంబరో తేల్చేది నేను. పెళ్ళికి ముందు గేర్ల డిజైన్ చేసినదాన్ని. "ఆడపిల్లకి గ్రీజెందుకమ్మా, చేతికి నెయ్యంటితే చాల్దేటి" అని మా అత్తగారు చిన్నమ్మలు నా ఉద్యోగం మానిపించి, ఈ సెక్టర్ 2 క్వార్టర్లో వంటింటికి అప్పజెప్పారు. పాప స్కూలుకి వెళ్తోంది కదా, యూనిట్‌కి వస్తానని అడిగినప్పుడల్లా "ఏటవసరం? ఇంట్లోంచే చెప్తున్నావు కదా" అంటాడు ఈయన. ఊరికే చెప్పడం కాదు, నేను కట్టిన లెక్క నాదేనని నలుగురి ముందూ చెప్పుకోవాలని నాకు ఎంత ఆశో ఈయనకి పట్టదు.

ఆ పూట తింటూ తింటూ లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. ఎవరితోనో గుసగుసలాడాడు. తిరిగొచ్చి, రోజూ కూర్చునే చోటు వదిలేసి ఎడమ చెవి గోడవైపు ఉండేలా కూర్చున్నాడు. ఫోను చూడకుండా ముద్ద దిగని మనిషి, దాన్ని కంచం పక్కన బోర్లా పెట్టాడు. నాకు అనుమానం మొదలైంది.

"నాగపూర్ రమాకాంత్ గారి కారుకి ఏ రేషియో వేద్దాం?"

"ట్రాకులో తిన్నని దారి ఎంతుంది?"

ఎప్పుడూ "కనుక్కుని చెప్తా" అనేవాడు. ఈసారి ఒక్క క్షణం ఆగి టకీమని చెప్పేశాడు. ఆపైన, "పాత టైర్లు దొరక్క చిన్నవి వేశారు. దాంతో రేషియో మారదా?" అనడిగాడు. మంచి ప్రశ్న. అందుకే ఈయనది కాదు. పోయినేడు ఒకాయన స్పీడు కావాలంటే, పెద్ద నంబరైతే పెద్ద స్పీడనుకుని నన్నడక్కుండా గేర్లు కోయించి, కారు పరిగెత్తక తల దించుకున్న మనిషి. ఈరోజుకీ అదే నమ్మకం. ఒక రాయి వేసి చూద్దామనుకున్నాను.

"టైర్లు చిన్నవైతే నంబరు పెంచాలి. స్పీడొస్తుంది," అని పచ్చి అబద్ధం చెప్పాను.

"హా, వహీ తో! నేనూ అదే అనుకున్నా," అని తలూపి, అంతలోనే నమలడం ఆపేశాడు. "పెంచితే... ఆ పాత ఇంజన్ తట్టుకోదు కదేటి?"

ఆ మాట ఈయనది కాదు, గోడవైపు దాచిన చెవిలోని ఇయర్‌ఫోనుది. నా ఒళ్ళు మండిపోయింది. చెయ్యి చాచి ఫోను తిరగేశాను. రమాకాంత్ పేరు, కాల్ నడుస్తూనే ఉంది. స్పీకర్ నొక్కాను.

"మీరన్నదే నిజమండీ. నంబరు తగ్గించాలి," అన్నాను ఫోన్లోకి.

"శభాష్ బేటా!" అందొక పెద్ద గొంతు. "శ్యామ్ సార్ చెప్పారు, ట్రైనింగుకొచ్చిన అమ్మాయికి పరీక్ష పెడుతున్నా, లైన్లో ఉండి వింటూ ప్రశ్నలు అందించండని. బాగానే నేర్పించారే!"

వద్దని చెయ్యూపుతున్నాడు మా ఆయన. ఆ చేతికి నేను వండిన పప్పు.

"నేర్పేది నేనండీ. నా పేరు ఇంద్రజ, ఆయన భార్యని. మీ రేషియో రేపు హథ్‌ఖోజ్‌లో చెప్తాను. ఇకనుంచి రోజూ యూనిట్‌లోనే ఉంటాను."

"రోజూనా? మరి ఇంట్లో వంటెవరు చేస్తారే?" అని పళ్ళ బిగువున అడిగాడు శ్యామసుందర్.

"ఆ లెక్క మీరు కట్టండి," అన్నాను, ఫోను ఇంకా కట్ చెయ్యకుండానే.