అంతా నా బుర్రలోనే ఉంది

డెబ్బై నాలుగు వానాకాలంలో ఒక పొద్దున యేసుదాసు బాపట్ల నుంచి రేపల్లె వచ్చి గుమ్మంలో నిలబడేసరికి అంకమ్మ గుండె జారిపోయింది. కొడుకు కొండలరావు ఉద్యోగం పోయిందని చెప్పడానికే వచ్చుంటాడనుకుంది. కొండలరావు జ్వరమని సెలవు పెట్టి ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. వరి దిగుబడి లెక్కలు కట్టే ప్రోగ్రాము కొండలరావు రాస్తాడు. దాన్ని హైదరాబాదు పట్టుకెళ్ళి అక్కడి కంప్యూటరుకు ఎక్కించే పని యేసుదాసుది.

"ఉద్యోగానికేం కాలేదు పిన్నిగారూ. నాదే పోయేట్టుంది," అన్నాడు యేసుదాసు. "ఈ సాయంత్రం తెనాల్లో బండెక్కాలి. హైదరాబాదు సారు ప్రతి వరుసా ఎందుకు రాశారని అడుగుతారట. చెప్పలేకపోతే నన్ను పర్మనెంటు చెయ్యరు."

ప్రోగ్రాము కాగితాలు మంచం మీద పరిచాడు. కొండలరావు దుప్పట్లోంచే నవ్వాడు.

"ఏంటయ్యా అర్థం కానిది? కె అంటే కె. ఎల్ అంటే ఎల్."

"కె అంటే వానా, ఎరువా అండి?"

"పైన వాన. కిందికెళ్ళాక ఎరువు. అంతా నా బుర్రలోనే ఉంది, అడుగు."

"పక్కన ఒక్క ముక్క రాసుంటే అడిగే పనే లేదు కదండి."

"రాస్తే ఇంక నన్నెవడు అడుగుతాడు?"

అంకమ్మకు పశువుల సంత గుర్తొచ్చింది. అక్కడ దళారీలు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడుతుంటే, ఎద్దు తోలుకొచ్చినవాడు ఏమీ తెలియక పక్కనే నిలబడటం ఆమె చూసింది. ఆ తువ్వాలంటేనే ఆమెకు రోత. అదిప్పుడు తన కొడుకు చేతిలో ఉంది. ఈ పిల్లాడు అక్కడ నీళ్ళు నములుతాడు, పని పోతుంది, సిగ్గుతో ఏ రైలు కిందో పడతాడు, వాళ్ళమ్మ వచ్చి ఈ గుమ్మంలో కూలబడుతుంది. అన్నీ క్షణంలో కళ్ళకు కట్టాయి.

"లేచి కూర్చో. ఒక్కో వరుసా చెప్పు, అతను రాసుకుంటాడు."

"నీకెందుకమ్మా? మిషనుకు ఆ రాతలు అక్కర్లేదు."

"మిషనొచ్చిందా మనింటికి? వచ్చింది ఇతను."

"జ్వరంగా ఉంది."

"ఇందాక నవ్వడానికి లేదేం?"

కొండలరావు గొణుక్కుంటూ చెప్పసాగాడు. యేసుదాసు వాన దగ్గర వాన అని, ఎరువు దగ్గర ఎరువని రాసుకున్నాడు. రెండో కాగితం మధ్యలో మాట ఆగింది.

"ఇక్కడ ఎమ్‌ని సగం చేసి పైకి పంపాను."

"ఎందుకండి?"

కొండలరావు కాగితం దగ్గరికి తీసుకున్నాడు. దుప్పటి తీసేశాడు.

"అప్పుడేదో అనుకున్నాను."

"తీసేద్దామా?"

"తీస్తే లెక్క తప్పుతుంది."

"అదే, ఎందుకని?"

కొండలరావు కాగితం తిరగేసి చూశాడు. అంకమ్మ కొడుకు మొహం మీది చెమట చూసింది. అది జ్వరం చెమట కాదు. బుర్రలో ఉందన్నది బుర్రలోనూ లేదు. జాలి పుడుతుందేమోనని చూసుకుంది. పుట్టలేదు.

యేసుదాసు ఆ వరుస పక్కన ఇంగ్లీషులో ఏదో రాశాడు. చదివిన కొండలరావు కాగితం లాక్కోబోయాడు.

"ఏం రాశావు నాయనా?" అంది అంకమ్మ.

"ఇదెందుకో రాసినాయనకీ గుర్తులేదని రాశానండి. అడిగితే ఉన్నమాటే చెప్పాలి కదా."

"పైన నా పేరుందమ్మా. ఆ మాట కొట్టెయ్యమను."

"ఉండనీ," అంది.

కాగితాలు తడవకుండా తనే గుడ్డలో చుట్టి ఇచ్చింది. "బండి తప్పుతావేమో, బయల్దేరు. కిటికీ పక్కన పెట్టుకోకు, ఎగిరిపోతాయి."

అతను వెళ్ళాక కొండలరావు గంజి అడిగాడు. గిన్నె మంచం పక్కన పెట్టి, వాడి మొహం చూడకుండా అవతలికి వెళ్ళిపోయింది.